క్రిమికి విస్తరి వేసిన కథ

పసిబిడ్డల రోగములకు మన పెద్దలు పెట్టిన పేర్లు చాలవరకు కంటితో చూచియు చెవితో వినియు పెట్టినవి. గొంతులో బూడిదవన్నె పొర యొకటి ప్రాకి, ఊపిరికి అడ్డుపడి, రెండు మూడు దినములలో బిడ్డను మంచమునకు అంటగట్టినచో అది కంఠసర్పి. దగ్గు తెర వెంట తెరగా వచ్చి, ముఖము కందిపోయి, తుదకు కూత పెట్టినట్లు గాలిని లోనికి లాగుకొన్నచో అది కోరింత దగ్గు. ఐరోపా వైద్యులును ఇట్లే చేసిరి. ఫ్రాన్సు దేశమున తూర్ నగర వైద్యుడగు బ్రెతొన్నో 1826లో గొంతులోని ఆ పొరను చూచి, తోలు అను అర్థముగల గ్రీకు మాటనుండి ఒక పేరు పుట్టింపగా, అదియే కొంత మారి డిఫ్తీరియా యయ్యెను.

అయితే కన్నును చెవియు నమ్మదగిన సాక్షులు కావు. గవదలు వాచి చీము పట్టిన గొంతు దీపపు వెలుతురులో కంఠసర్పివలెనే కనబడును. నెలల పసికందు కోరింత దగ్గు వచ్చినను కూత పెట్టదు, ఊపిరి బిగబట్టి నీలివర్ణమునకు తిరుగును, అంతే. మూడవ సాక్షి యొకడు కావలసివచ్చెను. ఆ సాక్షి సూక్ష్మదర్శిని యని మనము చదువుకొన్న పుస్తకములు చెప్పును గాని, నా మట్టుకు నాకది సగము సత్యమే యని తోచును. కటకము క్రింద ఒక కడ్డీవంటి క్రిమి మరియొక కడ్డీవంటి క్రిమిని పోలియే యుండును. గొంతు అను సంతలో నానాజాతి క్రిములు నిత్యము తిరుగుచుండగా వానిలో దొంగ యెవడో రూపుచూచి చెప్పుట కష్టము. ఏ క్రిమి ఏమి తిని పెరుగునో కనుగొని, దానికి తగిన విస్తరి వేసినప్పుడే అది తనంత తాను ముందుకు వచ్చి కూర్చుండెను. కావున ఈ చరిత్రలో కొంత భాగము వంటయింటి చరిత్ర.

ఆ మాట అలంకారమునకు అన్నది కాదు. జర్మనీ దేశపు రాబర్ట్ కాక్ పండితుడు తొలుత ఉడికించి కోసిన బంగాళాదుంప ముక్కలపై క్రిములను పెంచెను. పిమ్మట ఎముకల నుండి తీసిన జెలటిను వాడెను. జెలటినుకు రెండు దోషములు: మనుష్యుని ఒంటి వేడిమికే కరగి నీరగును, కొన్ని క్రిములు దానినే అరగించివేయును. కాక్ వద్ద పనిచేయుచుండిన వాల్టర్ హెస్సే అను వైద్యుడు వేసవిలో కరగిపోవు తన జెలటినును చూచి విసిగియుండగా, 1881లో ఆయన భార్య ఫానీ తాను పండ్లరసపు జెల్లీలు గట్టిపడుటకు వాడు అగరును ప్రయత్నింపుమని చెప్పెను. సముద్రపు నాచునుండి తీయు ఈ పదార్థమును గూర్చి ఆమె పూర్వము జావాలో నివసించియుండిన ఇరుగుపొరుగు వారివలన నేర్చినది. మన బజారులలో చైనా గ్రాస్ అను పేర పొట్లములలో అమ్మునది యిదియే. నీళ్లలో మరిగించినగాని కరగదు, కరగిన పిదప చేతికి కొంచెము వెచ్చగా తగులు దశలోనే పేరుకొనును, పేరుకొన్న తరువాత ఒంటి వేడిమికి చలింపదు. 1882లో కాక్ తన క్షయ పరిశోధనను ప్రకటించుచు అగరును ఒక వాక్యములో ప్రస్తావించెనే గాని ఆ యిల్లాలి పేరెత్తలేదు. వంట బాగున్నదని మెచ్చుకొని వండినవారిని మరచుట ఒక్క జర్మనీ దేశమునకే చెల్లిన అలవాటు కాదు.

కంఠసర్పి క్రిమిని 1883లో క్లెబ్స్ పొరలలో చూచెను. మరుసటి యేడు ఫ్రెడ్రిక్ లోఫ్లర్ దానిని వేరుచేసి పెంచెను. ఆయన వేసిన విస్తరి పశువుల నెత్తురు గడ్డకట్టిన పిదప పైకి తేలు రక్తరసము: దానికి కొంత మాంసపు పులుసును చక్కెరను చేర్చి, గాజుగొట్టములలో పోసి, ఏటవాలుగా ఉంచి, మరుగకుండ మెల్లగా కాచినచో కోడిగ్రుడ్డు తెల్లసొనవలె గట్టిపడును. ఆ వాలుపై గొంతునుండి తీసిన దూదిని రాచి ఒంటి వేడిమిలో ఒక రాత్రి ఉంచినచో, తక్కిన క్రిములు ఇంకను తడబడుచుండగా కంఠసర్పి క్రిమి తెల్లవారుసరికి చిన్న చిన్న బూడిదతెలుపు చుక్కలుగా మొలచును. అప్పుడు గాజుపలకపై పూసి నీలిరంగు అద్ది చూచినచో, చీనా లిపి అక్షరములను చిందరవందరగా పోసినట్లు, కణుపు కణుపునకు ముదురురంగు గింజలతో కడ్డీలు కనబడును.

లోఫ్లర్ యందు నాకు గౌరవము కలుగుటకు వేరొక కారణము కలదు. తాను కనుగొన్న క్రిమియే దోషియని చాటుకొనుట ఆయనకు సులభము. కాని రోగలక్షణములన్నియు గల కొందరిలో అది దొరకలేదనియు, ఏ రోగమును లేని ఒక బిడ్డ గొంతులో దొరకినదనియు ఆయనయే వ్రాసెను. క్రిమి గొంతు విడిచి పోకున్నను గుండె మొదలగు దూరపు అవయవములు చెడుట చూచి, అది యేదో విషమును చిమ్ముచుండవలెనని ఊహించెను. 1888లో పారిస్ నగరమున రూ, యెర్సిన్ అను వారిరువురు క్రిములు పెరిగిన పులుసును వడగట్టి, క్రిమి యొక్కటియు లేని ఆ ద్రవమే జంతువులను చంపునని చూపగా ఆ ఊహ రుజువయ్యెను.

పరిశోధకుని బల్లమీది యీ విద్యను వీధిలోనికి తెచ్చినది న్యూయార్క్ నగరము. 1892లో హెర్మన్ బిగ్స్ అచట నగరారోగ్యశాఖకు ఒక ప్రయోగశాలను ఏర్పరచెను. మరుసటి యేడు విలియం పార్క్ కంఠసర్పి పని చేపట్టెను. వారు చేసిన యేర్పాటు చూచుటకు అల్పము. ఒక చిన్న పెట్టె. అందు రెండు గాజుగొట్టములు. ఒకదానిలో కొనకు దూది చుట్టిన తీగ, రెండవదానిలో లోఫ్లర్ రక్తరసపు వాలు. ఈ పెట్టెలను నగరమున మందుల దుకాణములలో ఉంచిరి. వైద్యుడు దుకాణమునుండి పెట్టె గైకొని, బిడ్డ నోరు తెరపించి, దూదిని గొంతున రాచి, దానిని రక్తరసముపై రాచి, సాయంకాలమునకు మరల దుకాణమున ఇచ్చును. ఆరోగ్యశాఖ మనిషి వచ్చి పెట్టెలన్నిటిని ప్రోగుచేసికొని పోవును. మరునాడు మధ్యాహ్నమునకెల్ల వైద్యునికి ఫలితము తెలియును. డబ్బున్నవాని బిడ్డకును వలసవచ్చిన కూలివాని బిడ్డకును ఒకే పెట్టె. కంఠసర్పి యని అనుమానించిన రోగులలో చాలమందికి ఆ రోగమే కాదని దీనివలన తేలెను. 1894లో అదే ప్రయోగశాలలో ఆనా విలియమ్స్ అను వైద్యురాలు, తేలికపాటి గొంతునొప్పియే గల ఒక రోగినుండి, విషమును అపారముగా చిమ్ము క్రిమివంశము నొకదానిని వేరుచేసెను. దాని సంఖ్య 8. టీకాకు వలసిన విషమును తయారుచేయుటకు ప్రపంచమున చాలచోట్ల ఆ వంశమునే నేటివరకు పోషించుచున్నారు.

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రిని పాతకాపులు నేటికిని కోరంటి దవాఖానా యందురు. క్వారంటైను అను మాట మన నాలుకపై అరిగి అరిగి కోరంటి యైనది. టీకా తప్పిపోయిన బిడ్డలు గొంతున పొరతో అచటికి వచ్చుట ఈ శతాబ్దమునను ఆగలేదు. అట్టి గొంతున దూది రాచి, పెరిగిన క్రిమికి ఆల్బర్ట్ రంగు వేసి, పచ్చని కడ్డీలలో నీలినల్లని గింజలను వెదకు విధానమునకు మూలము లోఫ్లర్ నాటిదే.

కోరింత దగ్గు క్రిమి ఇంతకంటె పెంకిది. జూల్ బోర్డే దానిని 1900లో ఒక బిడ్డ కఫమున చూచెను గాని, ఏ విస్తరి వేసినను అది ముట్టలేదు. ఆరేండ్లు గడచిన పిదప, 1906లో, ఆయనయు ఆయన సహచరుడు జాంగూయును బంగాళాదుంప ఉడికించిన నీటిలో గ్లిజరినును నెత్తురును కలిపి పెట్టగా అది అంగీకరించెను. అంగీకరించియు తొందరపడదు, మూడు నాలుగు దినములకుగాని పాదరసపు బిందువులవంటి సన్నని చుక్కలు కనబడవు.

ఇక పసిబిడ్డ కఫము ఉమ్మునా? మ్రింగివేయును. ఈ చిక్కును 1916లో డెన్మార్కు దేశపు ఖీవిట్స్, మేయరు అను వారు విప్పిరి: బిడ్డ ఉమ్మకున్న నేమి, దగ్గును గదా, ఆ విస్తరి పోసిన పళ్లెరమునే నోటికెదురుగా పట్టుడు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ పట్టణమందు పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అను స్త్రీలిరువురు 1932లో ఈ పళ్లెరములను చేతబట్టి బయలుదేరిరి. ఇరువురును బాల్యమున కోరింత దగ్గు పడినవారే. పగలు ప్రభుత్వ ప్రయోగశాలలో నీళ్లును పాలును పరీక్షించు ఉద్యోగము. ప్రొద్దుగ్రుంకిన పిదప ఈ పని. అది ఆర్థికమాంద్యపు కాలము. పనిలేని తండ్రులు, కిరసనాయిలు దీపములు, చలి. ఆ దీపపు వెలుతురున తల్లి ఒడిలోని బిడ్డ ఎప్పుడు దగ్గునా యని పళ్లెరపు మూత తీసి వేచియుండుట, తెర రాగానే నోటికి చేరువగా పట్టుట, మూసి పేరు తేదీ వ్రాసి సంచిలో పెట్టుట. పళ్లెరమున చుక్కలు లేచినన్నాళ్లు ఆ బిడ్డ ఇతరులకు అంటించును, లేవనినాడు విడువవచ్చును. ఎన్నినాళ్లు బిడ్డను ఇంట నిలుపవలెనో పళ్లెరములే చెప్పెను. వానినుండి లేచిన క్రిములతోనే ఆ స్త్రీలు టీకా తయారుచేసి, 1934 నుండి పట్టణపు బిడ్డలకు వేసి పరీక్షించిరి.

బంగాళాదుంప మాట యొకటి మిగిలినది. అది క్రిమికి భోజనమని చాలకాలము తలచిరి గాని, తరువాత తేలినదేమనగా, ఆ క్రిమి విస్తరిలోని కొవ్వు ఆమ్లములకే చచ్చునంత సుకుమారి. దుంపలోని పిండి ఆ విషమును పీల్చివేయుచు దానిని కాపాడుచుండెను. ఆ ఊడిగమునకు దుంపయే కానక్కరలేదని తెలిసి, 1977లో రీగన్, లో అను వారు దానికి బదులు బొగ్గుపొడి కలిపిరి. నేడు జన్యుపరీక్ష కొన్ని గంటలలో తేల్చుచున్నను, క్రిమిని సజీవముగా పట్టవలసినచోట వాడునది ఆ పళ్లెరమే; పొయ్యిలోనుండి తీసినట్లు నల్లగా నుండును, నాలుగవనాడు దానిపై పాదరసపు చుక్కలు మెరయును.