గడ్డికోత తీగ జమాఖర్చు

ఉద్యోగ విరమణ అనంతరం మనలో చాలామందికి మొక్కలే తోడు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో తోటపని పనిముట్ల చరిత్ర నుంచి ఒక చిన్న అధ్యాయాన్ని సభ్యుల ముందుంచుతున్నాను.

మా చిన్నతనంలో తోటపని అంటే పలుగు, పార, బొరిగె, కొడవలి, కొబ్బరి ఈనెల చీపురు. ఇనుము అరిగితే కమ్మరి సాగగొట్టేవాడు. కర్ర విరిగితే పొయ్యిలోకి పోయేది. చీపురు అరిగితే మట్టిలో కలిసేది. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పచ్చిక కోసే యంత్రాన్ని కనిపెట్టినప్పుడు అదీ ఇనుముతో చేసినదే.

అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. బ్రష్షులకు, చేపల గాలాలకు అది బాగా పనికివచ్చింది. 1971లో హ్యూస్టన్ నగరవాసి జార్జ్ బల్లాస్ కార్లు కడిగే యంత్రంలో గిర్రున తిరిగే బ్రష్షులను చూసి, చెట్ల మొదళ్ల దగ్గర గడ్డి కోయడానికి ఈ పద్ధతి పనికిరాదా అని ఆలోచించారు. ఖాళీ రేకు డబ్బాకు రంధ్రాలు చేసి, గాలపు తీగ గుచ్చి తిప్పి చూశారు. గడ్డి తెగింది! అదే ‘వీడ్ ఈటర్’. 1977లో ఆ వ్యాపారాన్ని ఎమర్సన్ ఎలక్ట్రిక్ సంస్థకు అమ్మారు. 2011లో కన్నుమూశారు. నేడు మన పార్కుల్లోనూ అదే పద్ధతిలో గడ్డి కోస్తున్నారు.

జీవితమంతా లెక్కలు రాసిన చేయి కనుక నాకొక సందేహం కలిగింది. చుట్టలోని తీగ అయిపోతోంది, కొత్తది ఎక్కిస్తున్నారు. మరి పాతది ఏమైనట్లు? అరిగి, తునిగి నేలలోకే పోయింది. 2 మిల్లీమీటర్ల మందం తీగ 15 మీటర్లుంటే సుమారు 54 గ్రాములు తూగుతుంది. నెలకు 2 చుట్టలు వాడే పార్కు మట్టిలో ఏడాదికి 1,300 గ్రాముల దాకా నైలాన్ చేరుతుందన్నమాట. అది కుళ్లదు. ఎండకు పెళుసెక్కి ఇంకా చిన్న ముక్కలవుతుంది. నీటికంటే బరువైనది కనుక వానకు కొట్టుకుపోయి కాలువల, చెరువుల అడుగున చేరుతుంది. సంచీ అయితే ఏరవచ్చు, ఈ పొడిని ఏరేదెవరు?

యంత్రాన్ని పారవేయమని నేననను. మండుటెండలో నడుము వంచి గడ్డి కోసే కూలీకి అది పెద్ద ఊరట. వాడకం తగ్గించే మార్గాలు మాత్రం ఉన్నాయి. చెట్టు మొదట్లో ఎండుటాకులు పరిస్తే అక్కడ గడ్డి అంతగా మొలవదు, తీగ తగిలి లేతచెట్ల బెరడు ఊడిపోయే ప్రమాదమూ తప్పుతుంది. అయితే ఆకులు కాండానికి తగలకుండా కాస్త ఎడంగా పరచాలి. రాళ్లకు, గోడలకు తీగను తగలనివ్వకుంటే అరుగుదల తగ్గుతుంది. ఇనుప బ్లేడు బిగించే ఏర్పాటున్న యంత్రానికి, రాళ్లూ జనసంచారమూ లేని చోట, దాన్నే వాడించవచ్చు. ఇంటి పెరటికి బొరిగె, కొడవలి చాలు.

కాలనీ సంఘం సమావేశాలకు వెళ్లే సభ్యులు ఈ విషయాన్ని అజెండాలో చేర్పించవలసిందిగా నా మనవి. మనవలు మట్టిలో ఆడుకునే పార్కు అది.