ది హాస్పిటల్ (1971 చిత్రం)

ఒక హంతకుడు ఆసుపత్రిలో తిరుగుతూ ఇద్దరు డాక్టర్లను, ఒక నర్సును పొట్టన పెట్టుకుంటాడు. చాలాసేపటి వరకు అవి హత్యలని ఎవరికీ అనుమానం రాదు. అలాంటి చావులు అక్కడ మామూలే మరి! 1971 డిసెంబరులో అమెరికాలో విడుదలైన ‘ది హాస్పిటల్’ సినిమా వ్యంగ్యమంతా ఈ మెలిక చుట్టూనే తిరుగుతుంది.

దర్శకుడు ఆర్థర్ హిల్లర్. ఏడాది ముందే ‘లవ్ స్టోరీ’తో ప్రేక్షకులను ఏడిపించిన మనిషి. అయినా ఇది అక్షరాలా రచయిత సినిమా. ప్యాడీ చయెఫ్‌స్కీ కథ రాయడమే కాదు, తెర వెనుక వ్యాఖ్యానమూ తనే చెప్పాడు. ఆ గొంతుతోనే సినిమా మొదలవుతుంది: ఒక ముసలాయన గుండెనొప్పి అంటూ ఆసుపత్రిలో చేరతాడు. ఉన్న జబ్బు ఒకటి, చేసిన వైద్యం ఇంకొకటి. ఆ సాయంత్రానికే పోతాడు. ఖాళీ అయిన మంచాన్ని ఓ కుర్ర డాక్టరు తన సరసానికి వాడుకుంటాడు. తెల్లారేసరికి ఆ మంచం మీద అతనే శవమై ఉంటాడు.

హంతకుడికి కత్తీ తుపాకీ అక్కర్లేదు. ఒక డాక్టరును ఎమర్జెన్సీ వార్డులో పడుకోబెట్టి వదిలేస్తాడు. పట్టించుకునేవాళ్లు లేక ఆయన ప్రాణం పోతుంది. నర్సును మరో రోగి బదులు ఆపరేషన్ బల్ల మీదికి చేరుస్తాడు. వార్డులో మనిషి చనిపోయాడని కనిపెట్టేది వైద్యులు కాదు, బిల్లుల గుమాస్తా. ఎంత అడిగినా తన బీమా నంబరు చెప్పడం లేదు కాబట్టి పోయి ఉంటాడని ఆమె లెక్క.

ఆ నంబరు వెనుక చరిత్ర ఉంది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మిగతావారిలో చాలామందికి ఉద్యోగంతో వచ్చే ప్రైవేటు బీమాయే దిక్కు. వైద్యం పెద్ద వ్యాపారమవుతున్న కాలమది. సినిమాలో వెల్బెక్ అనే సర్జను తనను తానే కంపెనీగా మార్చుకుంటాడు. రోగి నాడి కంటే షేర్ల ధర మీదే ఆయన ధ్యాస.

న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లోని మెట్రోపాలిటన్ ఆసుపత్రిలో షూటింగ్ జరిగింది. చావాలనుకునే వైద్యాధికారి బాక్‌గా జార్జ్ సి. స్కాట్ నటించాడు. 1971లోనే ‘ప్యాటన్’కు వచ్చిన ఆస్కార్‌ను కాదన్నాడాయన, అయినా ఈ పాత్రకు మళ్లీ నామినేషన్ తప్పలేదు! బహుమతి మాత్రం చయెఫ్‌స్కీ స్క్రీన్‌ప్లేకు దక్కింది. బెర్లిన్ చలనచిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) బహుమతి కూడా వచ్చింది. 1995లో ఈ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు.