నారికురుపు నుండి డిజిటల్ క్రీడ దాకా: ఆట ద్వారా వైద్యవిజ్ఞాన ప్రసారం – రాయలసీమ నేపథ్యం

వ్యాససంగ్రహం

వైద్యవిజ్ఞానాన్ని ఆట రూపంలో చెప్పడం డిజిటల్ యుగంతోనే మొదలైందని అనిపిస్తుంది. తెలుగునాట దానికి వైకుంఠపాళి, తోలుబొమ్మలాటల పూర్వరంగం ఉంది. కర్నూలు, కడప ప్రాంతాల నీటివ్యాధుల చరిత్ర ఆధారంగా, ఆట ఏ వ్యాధిని ఎంతవరకు బోధించగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రోగి నడవడినే వ్యాధికి కారణంగా చూపే ఆట ఈ ప్రాంత చరిత్రకు న్యాయం చేయలేదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: వైకుంఠపాళి, తోలుబొమ్మలాట, నారికురుపు, ఫ్లోరోసిస్, డిజిటల్ క్రీడలు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

కర్నూలు, కడప ప్రాంతాల సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. పత్తికొండ, ఆలూరు, రాయచోటి వంటి మెట్టప్రాంతాల్లో తాగునీటి వెతుకులాట తరతరాలుగా దినచర్యలో భాగం. చెలమ, చెరువు, దిగుడుబావి, గొట్టపుబావి – ఆధారం మారినప్పుడల్లా నీటితో వచ్చే వ్యాధీ మారింది. కాబట్టి ఈ సీమలో ఆరోగ్యబోధ చరిత్రను నీటి చరిత్రతో కలిపి చదవాలి.

2. ఆటలో నీతి, ఆటలో బోధ

పరమపదసోపానపటమని కూడా పిలిచే వైకుంఠపాళిలో నిచ్చెన పుణ్యానికి, పాము పాపానికి గుర్తులు. 19వ శతాబ్ది చివర ఇంగ్లండుకు చేరిన ఈ ఆట అక్కడ పిల్లల వినోదంగా మారింది. పటం చెప్పే నీతి స్పష్టమే గాని, ఆటగాడు ఏ గడిలో పడాలో నిర్ణయించేది గవ్వలే. తాను చేయని పాపానికి అతడు పెద్దపాము నోట పడతాడు. వ్యాధిబోధకు ఈ నమూనాను యథాతథంగా తీసుకుంటే ఈ చిక్కు కూడా వెంట వస్తుంది.

తోలుబొమ్మలాట మార్గం వేరు. రామాయణ, భారత కథల నడుమ ప్రవేశించే కేతిగాడు, బంగారక్క సమకాలీన విషయాలను ఊరి మాటలో చర్చిస్తారు. కేంద్రప్రభుత్వం 1954లో నెలకొల్పిన గీత, నాటక విభాగం ఇటువంటి జానపదకళలనే ప్రచారానికి వాడుకుంది. బుర్రకథ కూడా కుటుంబనియంత్రణ వంటి అంశాలకు వాహికైంది. ఇక్కడ ప్రేక్షకుడు నవ్వుతూ వింటాడు. నిర్ణయం మాత్రం అతని చేతిలో ఉండదు.

3. నారికురుపు: కనిపించని కారణం

కర్నూలు, పశ్చిమగోదావరి జిల్లాల్లో నారికురుపు వ్యాప్తిపై వైద్యపరిశోధకుల అధ్యయనం 1965లో వెలువడింది. ఆ వ్యాధి క్రమాన్ని గమనిస్తే బోధనలోని కష్టం తెలుస్తుంది. రోగి కాలిపై పొక్కు లేచి మంట పుడుతుంది. ఆ కాలితో అతడు దిగుడుబావి మెట్లు దిగి నీటిలో నిలిచినప్పుడు పురుగు వేలకొలది పిల్లలను వదులుతుంది. నీటిలోని సైక్లాప్స్ అనే సూక్ష్మజీవులు వాటిని మింగుతాయి. ఆ నీరు తాగినవారి శరీరంలో సుమారు ఏడాది తరువాత పురుగు బయటపడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున లాగడమే చికిత్స. మందు గాని, టీకా గాని లేవు.

నిరుడు తాగిన నీటికీ, ఈ ఏటి పుండుకూ సంబంధముందని అనుభవం మాత్రమే చెప్పలేదు. అందుకే 1983–84లో ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమం గుడ్డతో నీటిని వడకట్టుకొమ్మని చెప్పడంతో ఆగలేదు. దిగుడుబావులను నీటిలోకి దిగనక్కరలేని బావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, నీటిలో టెమిఫాస్ కలపడం సాగాయి. 1984లో దేశంలో దాదాపు 40,000 కేసులు నమోదయ్యాయి. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. జనానికి తెలిసిన విషయమూ, ప్రభుత్వం మార్చిన బావీ కలిసి సాధించిన ఫలితమిది.

4. డిజిటల్ క్రీడల అనుభవం

2005 డిసెంబరు 1న ఢిల్లీకి చెందిన జెడ్‌ఎమ్‌క్యూ సంస్థ 'ఫ్రీడమ్ హెచ్‌ఐవి/ఎయిడ్స్' పేరిట నాలుగు మొబైల్ ఆటలను విడుదల చేసింది. వాటిలో 'సేఫ్టీ క్రికెట్' ఒకటి. క్యాన్సర్ సోకిన యువతకోసం అమెరికాలో 2006లో వెలువడిన 'రీ-మిషన్' ఆటను 375 మందిపై పరీక్షించారు. ఆడినవారు మందులను మరింత క్రమంగా వాడారని 2008లో ప్రకటించారు. మందు చేతికంది, దాన్ని వేసుకోవడం రోగి వశంలో ఉన్నచోట ఆట బాగా పనిచేస్తుందని ఇది సూచిస్తుంది.

మరొక ఉదాహరణ అనుకోకుండా ఏర్పడింది. 2005 సెప్టెంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ లోకంలో ఒక్క స్థలానికే పరిమితం కావలసిన 'కరప్టెడ్ బ్లడ్' అనే కల్పితవ్యాధి నగరాలకు పాకింది. కొందరు ఆటగాళ్లు ఇతరులకు చికిత్స చేశారు, కొందరు పారిపోయారు, కొందరు కావాలనే అంటించారు. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మాన్ 2007లో 'లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్' పత్రికలో దీనిని విశ్లేషించారు. ఒకరి నడక మరొకరి రోగమయ్యే తీరును ఆ లోకం కళ్లకు కట్టింది. దిగుడుబావి చెప్పే కథకు ఇదే దగ్గర.

5. ఫ్లోరైడ్: పాము ఎక్కడుంది?

దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలుత 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. కడప జిల్లాలోని కొన్ని ప్రాంతాల భూగర్భజలాల్లోనూ ఫ్లోరైడ్ అధికంగా ఉంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. నీరు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. "నీళ్లు కాచి తాగితే నిచ్చెన" అని ఆటలో పెడితే అది ఈ ఊళ్లకు అబద్ధం చెప్పినట్టే. వేరే నీరు లేక ఆ గొట్టపుబావి నీరే తాగిన ఇల్లాలిని పాము మింగినట్టు చూపడం మరింత అన్యాయం. ఆమెకు ఎన్నుకొనే అవకాశమే లేదు.

6. ముగింపు

డిజిటల్ ఆటకున్న అసలు బలం కాలాన్ని కుదించగలగడం. ఏడాది ఎడం ఉన్న కారణాన్నీ, కార్యాన్నీ అది కొన్ని నిమిషాల్లో పక్కపక్కన నిలపగలదు. రాయలసీమకోసం తెలుగులో ఇటువంటి ఆట రూపొందిస్తే ఆటగాడు ఒక్క వ్యక్తిగా కాక, ఊరంతటి తరఫున ఆడాలి. బావిని మార్చడం, నీటిని పరీక్షకు పంపడం, పంచాయతీని నిలదీయడం అతని ఎత్తులు కావాలి. మాట కేతిగాడిదీ, బంగారక్కదీ కావచ్చు. గెలుపును మాత్రం ఊరి నీటిలో కలిగిన మార్పుతో కొలవాలి. నారికురుపు నిర్మూలన చరిత్ర ఇచ్చే కొలమానం అదే.