మన తిట్ల పుట్టుపూర్వోత్తరాలు

పండుగ సంచికలో తిట్ల మీద వ్యాసమేమిటని పాఠకులు కోపగించుకోవద్దని ముందుగా మనవి. బూతుల జోలికి మేము పోవటం లేదు. పెద్దలు పిల్లలను కోప్పడినప్పుడు, ఇరుగుపొరుగు కీచులాడుకున్నప్పుడు మన నోట దొర్లే మాటలకు ఒక చరిత్ర ఉన్నది. అది రాజుల చరిత్ర కాదు, మన కళ్ళాలది, మగ్గాలది, రేవులది, వంటిళ్ళది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు, వారి పిల్లలకు అందకుండా పోతున్న సొత్తులో ఇదీ ఒకటి.

చాలా ఏళ్ళ క్రిందట మా ఇంట జరిగిన ఒక ముచ్చట చెబుతాము. ఇండియా నుంచి వచ్చి మాతో ఆరు నెలలు గడిపిన అమ్మమ్మగారు ఒక మధ్యాహ్నం, అల్లరి చేస్తున్న మనుమరాలితో "ఉండవే, మీ నాన్నను రానీ, ఇవాళ నీకు అక్షింతలే!" అన్నారు. సాయంత్రం తండ్రి ఇంటికి రాగానే ఆ పిల్ల మొహం కడుక్కొని వచ్చి, పుట్టినరోజునాడు నిలుచున్నట్లే తల వంచుకొని ఆయన ఎదుట నిలుచున్నది. అందరమూ నవ్వాము. ఆ తరువాత ఆలోచనలో పడ్డాము. పిల్ల పొరబడలేదు. అక్షింతలంటే ఆమెకు తెలిసిన అర్థం దీవెన. దీవెనకు వాడే మాటనే మన పెద్దలు తిట్టుకు ఎందుకు వాడారని అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసం వెతుకులాటే ఈ వ్యాసం.

తిట్టటానికి మనం వాడే జాతీయాలను ఒకచోట పేర్చి చూడండి. ఎవరినైనా గట్టిగా విమర్శిస్తే "తూర్పారబట్టారు" అంటాము. కళ్ళంలో నూర్చిన ధాన్యాన్ని చేటలకెత్తి, గాలివాలు చూసి, పై నుంచి పోయటమే తూర్పారబట్టటం. తాలూ పొల్లూ గాలికి పోతాయి, గట్టిగింజ కాళ్ళ దగ్గర రాశిగా పడుతుంది. "చెరిగేశారు" అంటాము. అదే పని వంటింట్లో ఆడవారు చేటతో చేస్తారు. నూకా తవుడూ వేరై బియ్యం మిగులుతుంది. "ఉతికి ఆరేశారు", "జాడించారు" అనేవి చాకిరేవు మాటలు. "తలంటారు" అనేది పండుగనాటి ఉదయం, నువ్వులనూనె, కుంకుడుకాయ పులుసు, కళ్ళలో మంట, పెద్దవారి మోకాళ్ళ మధ్య ఇరుక్కున్న పసివాడి ఏడుపు గుర్తుకు తెచ్చే మాట. "దుమ్ము దులిపారు" అనేది ఇల్లాలి మాట.

అన్నిటికన్నా ముచ్చటైనది "ఏకిపారేశారు" అన్నది. ఏకటం పత్తికి చేసే పని. గింజ తీసిన పత్తిలో చెత్తా ఉండలూ పోయేటట్లు వింటినారితో కొట్టి, పోగు పోగుగా విడదీస్తేనే వడకటానికి పనికివస్తుంది. దూదేకులవారికి ఆ పేరు వచ్చింది ఆ పని వల్లనే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నూలు వడికే స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా చేసుకొని పత్తిని శుభ్రపరిచేవారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళ నడుమ దూది ఎంత నలుగుతుందో ఊహించుకుంటే, ఏకిపారేయటమనే మాటలోని బాధ తెలుస్తుంది. అందులోని ప్రయోజనమూ తెలుస్తుంది.

ఇప్పుడు ఈ మాటలన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి? గింజ, బియ్యం, బట్ట, తల, ఇల్లు, పత్తి. ప్రతి ఒక్కటీ దెబ్బ తిన్నది, కానీ ప్రతి ఒక్కటీ ముందుకన్నా శుభ్రపడింది. పారేయదలచిన వస్తువును ఎవరూ చెరగరు, ఉతకరు. మన పెద్దల లెక్కలో తిట్టంటే శుద్ధి. కనుకనే దానికి అక్షింతలని పేరు పెట్టటంలో కొంత వేళాకోళమూ, కొంత నిజమూ ఉన్నాయి.

మన పిల్లలు మాట్లాడే ఇంగ్లీషులోనూ ఇదే కథ ఉన్నదని తెలిసి మేము ఆశ్చర్యపోయాము. సభలో ఉపన్యాసకుణ్ణి ప్రశ్నలతో వేధించటాన్ని "హెకిల్" చేయటమంటారు. హెకిల్ అనేది అవిసెనారను దువ్వే ఇనుప పళ్ళ దువ్వెన. నార దువ్వే మాటను మనుషులకు వర్తింపజేసి, ఓట్లడగ వచ్చిన అభ్యర్థులను నిలదీయటమనే అర్థంలో స్థిరపరిచినవారు స్కాట్లండు ప్రజలు. అలాగే బడిలో పిల్లలు ఒకరినొకరు "టీజ్" చేస్తారు గదా, ఆ మాటకు పాత ఇంగ్లీషులో అర్థం ఉన్నిని పీకి విడదీయటం. ఏకటం, హెకిల్, టీజ్. ఒకరిది పత్తి, ఒకరిది నార, ఒకరిది ఉన్ని. ఏడు సముద్రాలు దాటినా చేతిపని చేసుకొనేవారి ఊహ ఒకే తీరున నడిచింది.

ఇంగ్లీషు పల్లెమాటలను ప్రోగుచేసిన మహానుభావుని పేరు జోసెఫ్ రైట్. 1855లో యార్క్‌షైరులో పేద ఇంట పుట్టి, పసితనంలోనే మిల్లులో పనికి కుదిరి, పెరిగి ఉన్ని వేరుచేసే పనివాడై, పదిహేనేళ్ళ వయసులో గాని చదవటం నేర్వనివాడు ఆయన. ఆ మనిషే ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, 1898 నుంచి 1905 వరకు ఇంగ్లీషు మాండలిక నిఘంటువును ఆరు సంపుటాలుగా వెలువరించాడు. జగడాలకూ చీవాట్లకూ పల్లెలు వాడే మాటలను చిన్నచూపు చూడకుండా అందులో చేర్చాడు. ఉత్తరాది వారి "త్రీప్" అటువంటిది. ఒకప్పుడు మందలింపు, తరువాత మొండివాదన. స్కాట్లండువారి "ఫ్లైటింగ్" మరొకటి. అది ఇద్దరు కవులు సభలో ఒకరినొకరు పద్యాలతో తిట్టుకొనే పోటీ. తిట్టుకవిగా వేములవాడ భీమకవిని చెప్పుకొనే మనకు ఇది కొత్త కాదు. తిట్టటానికి ఇంగ్లీషులో అందరూ వాడే "స్కోల్డ్" అనే మాట కూడ, కవి అని అర్థమిచ్చే పాత నార్స్ మాట "స్కాల్డ్" నుంచి వచ్చిందని నిఘంటుకారులలో పలువురు భావిస్తారు.

అయితే ఆ "స్కోల్డ్" అనే మాటకు ఈ దేశంలో ఒక చేదు చరిత్ర ఉన్నది. ఇరుగుపొరుగుతో నిత్యం జగడమాడే స్త్రీని నేరస్థురాలిగా ఎంచే పాత ఇంగ్లండు చట్టం వలసవారితోపాటు అమెరికాకు వచ్చింది. కొయ్య దూలానికి కట్టిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి చెరువులో ముంచటం దానికి శిక్ష. 1829లో వాషింగ్టను నగరంలో ఆన్ రాయల్ అనే రచయిత్రి మీద ఈ నేరమే మోపారు. ఆమెకు అప్పటికి అరవై ఏళ్ళు. మతపెద్దలనూ రాజకీయులనూ ఘాటుగా విమర్శించే ఆ వితంతువుకూ, ఆమె ఇంటి దగ్గర కూడే ప్రార్థన బృందానికీ తగవు ముదిరింది. న్యాయస్థానం ఆమెను దోషి అన్నది గాని, నీళ్ళలో ముంచటం కాలం చెల్లిన శిక్ష అని పది డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. ఆ సొమ్ము పత్రికా విలేఖరులే కట్టారు. ఆమె నోరు మూయలేదు సరిగదా, రెండేళ్ళకే సొంత పత్రిక పెట్టింది. ఇటువంటి నేరం ఇక లేదని న్యూజెర్సీ న్యాయస్థానం తేల్చిచెప్పటానికి 1972 దాకా పట్టింది. అప్పటికి మనవారు కొందరు ఆ రాష్ట్రంలో కాపురాలు పెట్టే ఉన్నారు!

మన దగ్గర అటువంటి అన్యాయం లేదని చంకలు కొట్టుకోనక్కరలేదు. మన భాషలో శుభ్రపరచే తిట్లున్నట్లే పొడిచే తిట్లూ ఉన్నాయి. దెప్పిపొడవటం, ఎత్తిపొడవటం అనే మాటల్లోనే పోటు ఉన్నది. సాధించటమంటే కార్యం నెరవేర్చటమని ఒక అర్థం, విడువకుండా వేధించటమని మరొక అర్థం. అత్తగారి ఆరడి అని కోడళ్ళు తరతరాలు చెప్పుకొని కంటతడి పెట్టారు. అక్కడా తప్పు ఎక్కువగా ఆడవారి మీదికే నెట్టారు. దుమ్ము దులపటం ఒకటి, దుమ్మెత్తిపోయటం మరొకటి. మొదటిదానిలో మనిషి మీది దుమ్ము పోతుంది, రెండవదానిలో లేని దుమ్ము మీద పడుతుంది. ఇంత చిన్న తేడాలో మన భాష ఒక నీతిని దాచిపెట్టింది. తిట్టబోయేముందు, ఇప్పుడు మనం చేసేది దులపటమా, ఎత్తిపోయటమా అని ప్రశ్నించుకుంటే చాలు.

ఇక జగడాల మాటలు. "తగవు" చూడండి. తగినది తగవు. పాత తెలుగులో ఆ మాటకు న్యాయమనీ ఔచిత్యమనీ అర్థం, న్యాయం చెప్పేవాడు తగవరి. న్యాయం కోసం పెద్దమనుషుల ముందుకు వెళ్ళివెళ్ళి చివరకు జగడానికే ఆ పేరు స్థిరపడింది. ఊరివారు కూడే చోటు రచ్చ, నేడు అల్లరికి ఆ పేరు. శాస్త్రచర్చలో తేల్చిన నిర్ణయం రాద్ధాంతం, నేడు అది అనవసరపు గోల. పంచాయితీ సంగతి చెప్పనే అక్కరలేదు. తగాదా అరబ్బీ పారశీకాల నుంచి వచ్చింది, బాకీ తీర్చమని ఒత్తిడి చేయటం దాని మొదటి అర్థం. పేచీ అంటే పారశీకంలో మెలిక. మన పూర్వులకు జగడమంటే నలుగురి ఎదుట విప్పుకోవలసిన చిక్కుముడి అని ఈ మాటలు సాక్ష్యమిస్తున్నాయి.

ప్రాంతాన్ని బట్టి మాట మారుతుంది. తెలంగాణవారు లొల్లి అంటారు. కోస్తావారు మాటమాట అనుకున్నా దెబ్బలాడుకున్నామంటారు, అందులో ఒక్క దెబ్బా ఉండదు! ఇక్కడ మన సంఘాలలో అన్ని జిల్లాలవారమూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటాము గనుక, ఊళ్ళో ఉన్నవారికి దొరకని అదృష్టం మనకు దొరికింది. ఒకే సమావేశంలో లొల్లీ, దెబ్బలాటా, తగవూ వినవచ్చు. ఒక్కొక్కప్పుడు చూడనూవచ్చు!

ఈ మాటలను ఎవరు రాసిపెట్టారు? 1852లో బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు తలపెట్టి, 1962లో వ్యవసాయ పదాలను, 1971లో చేనేత పదాలను సంపుటాలుగా ప్రచురించింది. పొలం మాటలూ మగ్గం మాటలూ అలా పుస్తకానికెక్కాయి. మన తిట్లకు పుట్టిల్లు ఆ పనులే. ఈ దేశంలోనూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్రెడరిక్ కాసిడీ 1965లో పరిశోధకులను పంపి, ఐదేళ్ళలో వెయ్యికిపైగా ఊళ్ళలో జనం నోటిమాటలను రాయించాడు. ఆ అమెరికా ప్రాంతీయ నిఘంటువు మొదటి సంపుటం 1985లో వచ్చింది. అక్షరమాల ముగిసేసరికి 2012 అయింది. కాసిడీ 2000లోనే కన్నుమూశాడు.

మనం అంత పెద్ద పని చేయలేకపోవచ్చు. ఒక చిన్న పని చేయగలము. ఈ ఉత్సవానికి వచ్చిన ప్రతి కుటుంబంలోనూ ఒక తాతగారో, బామ్మగారో, అమ్మమ్మగారో ఉంటారు. వారిని అడిగి ఒక నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకోండి: మాట, అది ఏ ఊరిది, ఎవరు ఎవరిని ఏ సందర్భంలో అనేవారు, ఆ మాట ఏ పనిలో నుంచి పుట్టింది. పిల్లల చేతనే అడిగించండి. చేటను ఎన్నడూ చూడని పిల్లవాడికి చెరగటం చూపించి ఆ మాట చెబితే, మరి మరచిపోడు.

ఆనాడు తల వంచుకొని నిలుచున్న మనుమరాలిని అమ్మమ్మగారు ఊరకే వదలలేదు. వంటింట్లోకి వెళ్ళి, గుప్పెడు బియ్యం పసుపుతో కలిపి తెచ్చి, "చల్లగా ఉండు, అల్లరి తగ్గించు" అని నెత్తిన వేశారు. తిట్టూ దీవెనా ఒక్కసారే అయిపోయాయి. ఆ పెద్దావిడ ఇప్పుడు లేరు. ఆ పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి. మొన్న ఫోనులో వెనుక నుంచి ఆమె గొంతు వినిపించింది. కొడుకుతో ఇంగ్లీషులో ఏదో గట్టిగా చెబుతూ, మధ్యలో ఒక్క తెలుగు మాట అన్నది: "ఆగు, నీకు అక్షింతలు పడతాయి!"

మాకు కడుపు నిండింది.