రంగం చేరిన మన పాత వీణ

వీణ అనగానే మన కళ్లకు కట్టేది పనసచెక్కలో తొలిచిన కుండ, యాళిముఖం, మైనంలో నిలిపిన ఇరవైనాలుగు మెట్లు. మా ఉత్తరాంధ్రులకైతే అది బొబ్బిలి వీణే. కాని వేదవాఙ్మయంలోని వీణ ఇది కాదు. మెట్ల వీణకు నేటి రూపం 17వ శతాబ్ది తొలినాళ్లలో, తంజావూరు రఘునాథనాయకుని కాలంలో కుదిరిందని సంగీతచరిత్ర చెబుతుంది. అంతకు పూర్వపు వీణ ధనురాకారం గలది. వంగిన కొమ్ము, దాని మొదట తోలు కప్పిన దొన్నె, రెంటినీ కలుపుతూ తంత్రులు. దానికి మెట్లు లేవు. ఒక్కొక్క తంత్రికి ఒక్కొక్క స్వరం. అమరావతి శిల్పాలలో స్త్రీల ఒడిలో ఉన్నది అదే. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడు తన బంగారు నాణెంపై వాయిస్తున్నదీ అదే.

ఆ వీణ ఏమైనది? సుమారు వెయ్యేళ్ల కిందట మన ఆస్థానాల నుండి, ఆలయాల నుండి తొలగిపోయింది. మధ్యప్రదేశ్‌లో గోండుల గాథలు పాడే పర్ధానుల చేతిలో బీన్‌బాజాగా కొంత మిగిలింది. సంపూర్ణంగా బ్రతికినది మాత్రం సముద్రానికి ఆవల, బర్మాలో. అక్కడ దానిని సౌంగ్ అంటారు. 7వ శతాబ్ది నాటి ప్యూ శిల్పంలో అది ఉన్నది. 802లో ప్యూ రాజు చీనాలోని టాంగ్ చక్రవర్తి కొలువుకు పంపిన వాద్యాలలో పక్షి తల గల వీణలున్నాయని చీనా చరిత్రకారులు వ్రాసుకొన్నారు.

సౌంగ్‌ను చూస్తే అది వాద్యమా శిల్పమా అనిపిస్తుంది. దేహం పడవ. దానిపై లేడితోలు. మెడ చెక్కినది కాదు, సహజంగా వంగిన చెట్టువేరు. ఆ మెడ చివర రావి ఆకు. సంప్రదాయ పద్ధతిలో శ్రుతి చేయడానికి బిరడలు లేవు, ఎర్రని నూలుత్రాళ్ల ముళ్లను జరిపేవారు.

ఇచ్ఛాపురం వాడినైన నాకు ఈ కథలో పట్టు చిక్కినది ఇక్కడే. మా సీమలో రంగూనును రంగం అనేవారు. 1936 వరకు మాది గంజాం జిల్లా. గోపాలపురం, కళింగపట్నం రేవుల నుండి పొగ ఓడలెక్కి వేలాదిగా కూలికి పోయారు. అక్కడివారు తెలుగువారిని కోరంగీలన్నారు. 1930లో రేవుకూలీలపై అల్లరులు జరిగి ఎందరో చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, మిగిలినవారిలో లెక్కలేనంతమంది అరకాను కొండల మీదుగా కాలినడకన తిరుగుముఖం పట్టారు. మూటలు మోసిన ఆ మనుషులు తిరిగిన వీధులలోనే సౌంగ్ మ్రోగేది. అది తమ పూర్వుల వీణ అని వారికి చెప్పినవారెవరు?

మా పక్కనున్న తేలుకుంచికి ఏటా తొలకరితో చిల్లుముక్కు కొంగలు వచ్చి, చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలతో వెళ్లిపోతాయి. ఊరివారు వాటిని సైబీరియా పక్షులంటారు గాని అవి మన ఉపఖండంవే. దూరం నుండి వచ్చినదాన్ని పరాయిదనుకోవడం మనకు అలవాటు.

వీణ విషయంలోనూ అంతే జరిగింది. పేరు మన దగ్గర ఉండిపోయింది, రూపం వలసపోయింది. పరాయిదేశమే దానిని పడవగా, ఆకుగా చెక్కుకొని కాపాడింది. ఇందులో చిన్నబోవలసినది లేదు, కృతజ్ఞత చూపవలసినది ఉన్నది. తరగతిలో ప్రాచీన కావ్యం చెప్పే పండితులకు నా మనవి ఒక్కటే. వీణ అన్న మాట వచ్చినచోట సరస్వతి పటంతో ఆగక, అమరావతి శిల్పాన్నీ, బర్మా సౌంగ్‌నూ పక్కపక్కన చూపండి.