బండి యెత్తు – కమానుల కథ



నేను ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న పంతులను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అయినను మోటారుబండి యెత్తును గూర్చి మీతో మాటలాడ సాహసించుటకు కారణమొకటి కలదు.

గడచిన వానకాలమున నా దౌహిత్రుడు తన కారులో నన్ను మా స్వగ్రామమునకు తీసికొనివచ్చెను. చూచుటకు సొగసుగా నుండుననని అతడా కారును నేలకు దగ్గఱగా దింపించియుండెను. చెఱువుకట్ట దిగునప్పుడు దాని ముందరి యెడమభాగము రాతికి తగిలి గీచుకొనిపోయెను. మఱునాడతడు పట్టణమున నొక మరమ్మతుశాలకు పోయి, ఆ యొక్క మూలను మాత్రము రెండు వ్రేళ్ల యెత్తు లేపించుకొనివచ్చెను. “తగిలినది ఆ మూలయే గదా, తాతగారూ!” అని వాని తర్కము. తిరుగు ప్రయాణమున, తడిసిన రోడ్డుపై బఱ్ఱె యొకటి యడ్డము రాగా బ్రేకు త్రొక్కెను. కారు తిన్నగా నిలువక యెడమవైపునకు లాగి, రోడ్డు దిగి, తుమ్మచెట్టునకు బారెడు దూరమున ఆగెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఒక మూలను లేపినంతమాత్రమున బండి యంతయు నేల దారి తప్పవలెనను ప్రశ్న నాకు నిద్ర పట్టనీయలేదు. సమాధానము వెదకుచు పోగా నొక చరిత్రయే బయల్పడినది.

మన యెడ్లబండికి ఇరుసు కలదు, కుండ కలదు, ఆకులు కలవు, ఇనుపపట్టా కలదు. కమాను మాత్రము లేదు. చిన్ననాడు అమరకోశము వల్లించినప్పుడు నేమి, నాభి, అణి యను పేరులు నోటికి వచ్చినవి గాని, కుదుపును మ్రింగు సాధనమునకు పేరొకటి నాకెదురుపడలేదు. ఎద్దునడకకు దాని యవసరమును అంతగా లేదు. గడ్డి పఱచుకొని కూర్చుండిన చాలును. వేగము పెరిగిన కొలదిని కుదుపు పెరిగెను. కుదుపు పెరిగిన కొలదిని ఉపాయము వలసివచ్చెను.

ఐరోపాలో మొదట బండితొట్టిని తోలుపట్టెడలతో ఉయ్యాలవలె వ్రేలాడగట్టిరి. 1804లో లండనులో బండ్లు కట్టు ఒబడయా ఎలియట్ అను నతడు ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, విల్లువలె వంచి, అట్టి రెండు విండ్లను ఎదురెదురుగా చేర్చి, వానిపై బండిని నిలిపెను. మన జట్కాబండ్లకు ఉండెడి కమానుకట్టలు ఈ జాతివే. కమాను అను మాట పారసీకమునుండి వచ్చినది. దాని యర్థము విల్లనియే. 1908లో వెలువడిన ఫోర్డు వారి మోడల్ టీ కారునకును ముందొకటి, వెనుక నొకటి, అడ్డముగా అమర్చిన పట్టీకమానులే ఆధారము.

చుట్టకమాను, అనగా తీగను చుట్లుగా చుట్టిన స్ప్రింగు, ఇటీవలి వస్తువని తలంపకుడు. 1763లోనే ఇంగ్లండులో ట్రెడ్వెల్ అను నతడు దానికి పేటెంటు పొందెను. ఎలియట్ కంటె నలువది యేండ్లు ముందుపుట్టిన చుట్ట వెనుకబడి, పట్టీ యేల గెలిచెను? పట్టీకి రెండు సుగుణములున్నవి. పట్టీలు ఒకదానితో నొకటి ఒరసికొనును గావున ఆ యొరపిడియే ఊపును కొంత అణచును. ఇరుసును ప్రక్కకు జరుగకుండ పట్టుకొనునదియు పట్టీయే. చుట్టకు ఈ రెండును లేవు. ఒకసారి అణగినచో అది లేచును, మరల అణగును, మరల లేచును. ఊగుటయే గాని నిలుచుట యెఱుగదు. బరువు మోయువాడొకడు, ఊపు నణచువాడు మఱియొకడు కావలసివచ్చెను.

ఆ రెండవవాడే షాక్ అబ్సార్బరు. నేడు వాడుకలో నున్న దానిలో, నూనె నింపిన గొట్టమునందు ముషలము వంటి కడ్డీ పైకిని క్రిందికిని ఆడును. సన్నని రంధ్రములగుండ నూనె కష్టముతో పోవును గావున ఊపు చల్లారును. 1922లో ఇటలీకి చెందిన లాన్షియా వారు లాంబ్డా అను కారును చూపిరి. దాని ముందుచక్రములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నిలువుస్తంభము. అందే చుట్టకమాను, అందే నూనెతో ఊపు నణచు సాధనము. 1934లో అమెరికాయందు జనరల్ మోటార్సు వారు మారిస్ ఆలీ యను ఇంజనీరు పరిశోధనల ఫలముగా కాడిలాక్, బ్యూయిక్ కార్ల ముందుచక్రములను దేనికది విడిగా చుట్టకమానులపై నిలిపిరి. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లలో ఎర్ల్ మాక్ఫర్సన్ కల్పించిన స్తంభములుండెను. గొట్టమును, దానిని చుట్టుకొనిన కమానును ఒక్క కట్టుగా నిలుపు పద్ధతి అటుపిమ్మట సామాన్యుల కార్లలో విరివిగా వ్యాపించెను.

ఇక పందెపుకార్ల వారు ఒక్క అడుగు ముందుకు వేసిరి. కమాను క్రింది అంచు కూర్చుండు పళ్లెమును స్థిరముగా అతుకక, గొట్టముపై మర చెక్కి, పళ్లెమును ఆ మరపై త్రిప్పుటకు వీలుగా చేసిరి. పళ్లెమును పైకి త్రిప్పిన బండి లేచును. క్రిందికి త్రిప్పిన దిగును. దీనినే కాయిలోవరు అనుచున్నారు. నా దౌహిత్రుడు పెట్టించినది ఇదియే.

ఇచ్చట సాధారణముగా కలుగు భ్రమ యొకటి కలదు. పళ్లెమును పైకి త్రిప్పినచో కమాను బిగిసి గట్టిపడునని పలువురు తలంతురు. 1678లో రాబర్టు హుక్ ప్రకటించిన నియమమును బట్టి కమాను ఎంత బరువునకు అంతయే అణగును. ఒక కమానుపై 300 కిలోల బరువున్నదనుకొనుడు. అది 30 కిలోలకు ఒక సెంటిమీటరు చొప్పున అణగునదైనచో, మొత్తము పది సెంటిమీటర్లు అణగును. రెండు ప్రక్కల పళ్లెములను సమముగా రెండు సెంటిమీటర్లు లేపినను బరువు మాఱలేదు గావున కమాను ఆ పది సెంటిమీటర్లే అణగియుండును. బండి మాత్రమే లేచును. గట్టితనము తీగ మందమునందును, చుట్టు వెడల్పునందును, చుట్ల సంఖ్యయందును గలదు, పళ్లెమునందు లేదు. అయితే బండిని మిక్కిలి దింపినచో కడ్డీ అణగుటకు చోటు తగ్గి, గుంట వచ్చినప్పుడు తుదకు తగిలి నడుము విఱుగునట్లు కొట్టును. మిక్కిలి లేపినచో చక్రము పల్లమునకు దిగుటకు చోటు తగ్గును.

ఇప్పుడు నా ప్రశ్నకు వత్తము. మన నులకమంచము నొక కాలి క్రింద పలక పెట్టి చూడుడు. ఆ కాలిపైనను, దానికి ఐమూలగా ఎదురుగా నున్న కాలిపైనను భారము పడును. తక్కిన రెండు కాళ్లు తేలును. ముక్కాలిపీటకు ఈ బాధ లేదు; నాలుగు కాళ్ల వస్తువునకే కలదు. మా కారు ముందరి యెడమమూలను లేపగనే దానిపైనను, వెనుక కుడిచక్రముపైనను బరువు హెచ్చెను. ముందరి కుడిచక్రము తేలికయయ్యెను. బరువైన చక్రము నేలను పట్టినట్లు తేలికైనది పట్టజాలదు. కావున బ్రేకు త్రొక్కగానే బండి యెడమకు లాగెను. ఎత్తు మాఱినప్పుడు చక్రముల వాలును, మొగమును గూడ కొంత మాఱును. దానిని సరిచేయింపకపోవుటయు నొక దోషమే.

తరువాత నేను పట్టుపట్టగా అతడు కారును తెలిసిన పనివానియొద్దకు తీసికొనిపోయెను. నేనును వెంట పోయి చూచితిని. అతడు సమతలముపై కారును నిలిపి, ఒక్కొక్క చక్రము క్రింద నొక్కొక్క త్రాసునుంచి, నడుపువాని స్థానమున వాని బరువంత మూటలు పెట్టెను. చక్రపు నడుమనుండి పైయంచు వఱకు నాలుగు మూలలను కొలిచెను. బండిని జాకీపై లేపి, బిగింపు కట్టును వదలించి, కొక్కెపు స్పానరుతో పళ్లెమును త్రిప్పెను. మరల దింపి, ముందు వెనుకలకు నాలుగడుగులు దొర్లించి, కమానులు కుదుటపడిన పిమ్మట మరల తూచెను. ఐమూలల బరువులు సరిపోవువఱకు ఇట్లు చేసి, కట్టు బిగించి, చక్రముల మొగమును, దీపముల చూపును సరిచేసెను. పూట పట్టినది. కారు ఇప్పుడు తయారీదారు నిర్ణయించిన యెత్తుననే యున్నది. మా చెఱువుకట్టను తగులకుండ దిగుచున్నది.

మీ యింటి కుఱ్ఱవాడు కారు దింపించెదనన్నచో కసరవలదు. “నాయనా! నాలుగు మూలలను తూచువాడున్నాడా? కడ్డీ యాడుటకు చోటెంత మిగులును? బండి నమోదుపత్రమునకు ఈ మార్పు సరిపడునా?” అని యీ మూడు ప్రశ్నలడుగుడు. మూడింటికిని సమాధానము చెప్పలేనివాడు ఆ స్పానరును ముట్టకుండుటయే మేలు.

ఇక సెలవు.