వినడం నేరమా?

ఇంగ్లండులోని ఫెయిర్‌ఫర్డ్ స్థావరంలో వేసవిలో జరిగే వైమానిక ప్రదర్శనకు వచ్చే జనంలో ఒక వింత తెగ ఉంటుంది. వారి మెడలో కెమెరా, చేతిలో చిన్న రేడియో స్కానరు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటాయి. మిగిలినవారంతా విన్యాసాలను చూస్తారు. వీరు చూస్తూ వింటారు. బృంద నాయకుడు పొడిగా పలికే ఒక్క మాటకు తొమ్మిది విమానాలు ఒకే క్షణంలో ఒరగడం వారికి అర్థవంతంగా కనిపిస్తుంది. మనకు అద్భుతంగా తోచేది నిజానికి ఆజ్ఞ, విధేయత, లెక్క అని వారికి తెలుస్తుంది.

ఇందులో గూఢచర్యమేమీ లేదు. పౌర విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, పాతకాలపు ఏఎమ్ పద్ధతిలోనే మాట్లాడుకుంటాయి. ఎఫ్ఎమ్‌లో బలమైన గొంతు బలహీనమైన గొంతును పూర్తిగా మింగేస్తుంది. ఏఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఈల వంటి శబ్దం వచ్చి, మరొకరు కూడా పిలుస్తున్నారని కంట్రోలరుకు తెలుస్తుంది. ఆ కారణం చేతనే ప్రపంచమంతా ఈ పాత పద్ధతిని వదలలేదు. ఈ సంభాషణకు సంకేత రక్షణ లేదు. అది అందరికీ వినిపించాలి. వినిపించడంలోనే భద్రత ఉంది.

అయినా చట్టాల తీరు చిత్రమైనది. బ్రిటన్‌లో 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం తనకు ఉద్దేశించని సందేశాన్ని వినడం నేరమే. స్కానర్లు మాత్రం అంగళ్లలో బహిరంగంగా అమ్ముడవుతాయి. అమెరికా 1986లోనే తన చట్టంలో విమాన, నౌకా సంభాషణలను వినడానికి స్పష్టమైన మినహాయింపు ఇచ్చింది. మరి మన దేశంలో? జవాబు కావాలంటే వలస పాలన కాలానికి వెళ్లాలి.

1885 నాటి భారతీయ టెలిగ్రాఫ్ చట్టం తంతిని ప్రభుత్వ గుత్తాధిపత్యం చేసింది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకో అడుగు వేసి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా ప్రకటించింది. మాట్లాడేవాడి మీదనే కాదు, వినేవాడి మీద కూడా పాలకునికి అనుమానమే. ఆ అనుమానం నిరాధారం కాదని 1942 నిరూపించింది. ఆగస్టు విప్లవ కాలంలో బొంబాయి నుంచి ఉషా మెహతా, ఆమె సహచరులు రహస్య కాంగ్రెస్ రేడియోను నడిపారు. నవంబరులో పోలీసులు పట్టుకునే దాకా, పత్రికలు ముద్రించలేని వార్తలను ఆ గొంతు చెప్పింది. అదే ఏడాది జర్మనీ నుంచి సుభాస్ చంద్రబోస్ ప్రసంగాలను జనం తలుపులు మూసుకుని విన్నారు. రేడియో సెట్టు మీద నిఘా ఎందుకో ప్రజలకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

స్వాతంత్ర్యం వచ్చింది, చట్టాలు మిగిలాయి. రేడియోలో వార్తలు, పాటలు వినడానికి పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. 1980ల మధ్యలో గానీ ఆ బెడద తీరలేదు. 1978 నాటి అమెచ్యూర్ రేడియో నియమాలలో, ఏ ప్రసారమూ చేయకుండా కేవలం వినేవారికి కూడా ఒక ప్రత్యేక లైసెన్సు ఉండేది. పౌరుడి చెవికి కూడా అనుమతిపత్రం కావాలన్న ఊహ ఎంత సహజమైపోయిందో చూడండి.

ఈ ఊహను కదిలించినవి రెండు సుప్రీంకోర్టు తీర్పులు. 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం ప్రకటించింది. అందులో విడిగా విస్తృతమైన తీర్పు రాసిన వారు మన హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి. 1996 డిసెంబరులో పీయూసీఎల్ కేసులో, ఫోన్లను దొంగచాటుగా వినే ప్రభుత్వ అధికారానికి కోర్టు కొన్ని షరతులు విధించింది. ఒక తీర్పు తరంగాలు ఎవరివో చెప్పింది. మరొకటి రాజ్యం ఎంతవరకు వినవచ్చో చెప్పింది. పౌరుడు ఏమి వినవచ్చునన్న మూడో ప్రశ్నను మాత్రం ఎవరూ తేల్చలేదు.

అదే 1996లో రెండు సంఘటనలు జరిగాయి. బెంగళూరు శివార్లలోని యెలహంకలో తొలి ఏరో ఇండియా ప్రదర్శన జరిగింది. నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కంట్రోలరు చెప్పిన ఎత్తు కన్నా కజక్ విమానం కిందికి దిగింది. ఆంగ్ల సంభాషణను సరిగా గ్రహించలేకపోవడం మీద విచారణలో ప్రధానంగా చర్చ సాగింది. ఆ తరంగాల మీద పలికే మాటకు ఎంత బరువుందో ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ప్రదర్శనలలోనూ ఆ బరువు ఉంది. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందపు కిరణ్ విమానం న్యూ బోయినపల్లిలో ఇళ్ల మీద కూలి, ఇద్దరు అధికారులు చనిపోయారు. 2019 ఫిబ్రవరి 19న యెలహంకలో అభ్యాసం చేస్తుండగా రెండు సూర్యకిరణ్ విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణం కోల్పోయారు. వినోదంగా చూపిన దానికి మూల్యం చెల్లించేది పైలట్లు, కొన్నిసార్లు కింద కాపురముండే జనం. ఆ జనానికి ఆకాశంలో ఏమి జరుగుతోందో తెలుసుకునే హక్కు లేదా?

2025 ఈ ప్రశ్నను మరింత పదునుగా ముందుకు తెచ్చింది. జనవరిలో వాషింగ్టన్ వద్ద ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది మరణించగా, కొన్ని గంటల్లోనే కంట్రోలరు సంభాషణను ప్రపంచమంతా వింది. అభిరుచితో వినేవారు, రికార్డు చేసేవారు ఉండటం వల్లనే అది సాధ్యమైంది. జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. మనకు నెల రోజుల తరువాత ప్రాథమిక నివేదిక వచ్చింది. అందులో ఇద్దరు పైలట్ల మధ్య మాట ఒకటి రెండు వాక్యాల సారాంశంగా ఉంది. ఎవరు ఏది పలికారో చెప్పలేదు. ఆ ఖాళీని వదంతులు నింపాయి. చనిపోయిన పైలట్లు జవాబు చెప్పుకోలేరు గదా! కాక్‌పిట్ లోపలి సంభాషణ, కంట్రోలరుతో సంభాషణ ఒకటి కావన్నది నిజమే. మొదటిదానికి గోప్యత ఉండాలి. రెండోది మాత్రం పుట్టుకతోనే బహిరంగమైనది.

దేశభద్రత మాటేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే, యెలహంక సైనిక స్థావరం. అయితే శత్రుదేశపు గూఢచారి మన చట్టాన్ని చదివి స్కానరు కట్టేయడు. రహస్యాన్ని కాపాడేది సంకేతీకరణ. ఈ నిషేధం ఆపగలిగేది మేడ మీద నిలబడి విమానాల మీద మోజు పెంచుకునే కుర్రవాణ్ణే. ఆ తరంగాల మీద మాట్లాడటం వేరు. అది ప్రాణాంతకం, దానికి కఠిన శిక్ష ఉండవలసిందే.

1885, 1933 చట్టాల స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 డిసెంబరులో వచ్చింది. ఉభయ సభల్లో 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉండగా అది ఆమోదం పొందింది. వలస చట్టాలను తొలగించామని పాలకులు చెప్పుకున్నారు. రేడియో పరికరం కలిగి ఉండటానికి ముందస్తు అధికారపత్రం కావాలన్న 1933 నాటి సూత్రం అందులో పదిలంగానే ఉంది. చట్టవిరుద్ధంగా సందేశాన్ని వింటే మూడేళ్ల జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా. అమెరికా 1986లో ఇచ్చినటువంటి మినహాయింపు అందులో లేదు. కొన్ని పరికరాలకు మినహాయింపు ఇచ్చే అధికారం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. పౌర విమానాల సంభాషణను వినడానికి మాత్రమే పనికొచ్చే రిసీవర్లకు దాన్ని వర్తింపజేయడానికి ఒక్క నోటిఫికేషన్ చాలు.

పౌరుల ఫోన్లను రాజ్యం వింటోందన్న ఆరోపణలతో తెలంగాణలో 2024లో కేసే నమోదైంది. రాజ్యం చెవి అంత పెద్దదైనప్పుడు, పౌరుడి చెవికి ఆ కాస్త ఆకాశం ఇవ్వడానికి భయమెందుకు?